ఆరో మంచానికి రాయని మందు

గోడ గడియారం మూడు గంటల అయిదు నిమిషాలు చూపిస్తోంది. అయిదింటికి కోడలిపిల్లని మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. ఆలోపు, ఆమె తన మామగారిని చంపలేదని ఎవరో ఒకరు తేల్చాలి. ఆ ఎవరో ఒకరు నత్త కావడం ఆమె అదృష్టమో దురదృష్టమో తెలియడానికి ఇంకా గంటా యాభై అయిదు నిమిషాలుంది.

నత్త అంటే మనిషే. కన్నవాళ్ళు పెట్టిన పేరు పింఛను కాగితాల్లో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. పోలీసు ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆయన దర్యాప్తు ఎంత నింపాదిగా సాగేదో చెప్పడానికి స్టేషన్లో ఒక కథ ఉంది. ఒక గొలుసు దొంగ తనకోసం ఎవరూ రావడం లేదని విసిగిపోయి, పెళ్ళి చేసుకుని, ఇద్దరు పిల్లల్ని కని, పెద్దదాన్ని బళ్ళో వేసి, అప్పటికీ నత్త రాకపోయేసరికి తనే నడిచొచ్చి, "ఏం సార్, నన్ను మరిచిపోయారా?" అని అడిగాడట. కథ చెప్పేవాళ్ళందరూ ఒక్క ముక్క మాత్రం మింగేసేవాళ్ళు. వాడొచ్చేసరికి నత్త బల్ల మీద వాడి ఇంటి చిరునామా, పిల్లల పేర్లతో సహా, సిద్ధంగా ఉంది.

ఆసుపత్రిలో ఉతికిన దుప్పట్లు పేర్చే గదిలో కోడలిపిల్లని కూర్చోబెట్టారు. తలుపు దగ్గర ఆడ కానిస్టేబులు స్టూలు మీద కునికిపాట్లు పడుతోంది. కోడలిపిల్ల ఏడవడం లేదు. పదకొండు రోజులు మామగారి మంచం పక్కన నేల మీద పడుకున్న మనిషికి ఏడవడానికి కూడా ఓపిక ఉండాలి కదా.

"బాబాయ్‌గారూ, మిమ్మల్ని అత్తయ్య పంపిందా?"

"ఆవిడే. 'నా కోడలి నోరు మంచిది కాదు, చెయ్యి మాత్రం మంచిది' అంది. ముందు నోటి సంగతి చెప్పు. అయిదో రోజున వార్డంతా వినేట్టు ఏమన్నావు?"

ఆమె తలొంచుకుంది. "'పోతే పోండి, మా ప్రాణాలైనా సుఖపడతాయి' అన్నాను."

"ఎందుకన్నావు?"

"ఒళ్ళు తుడుస్తుంటే చేతిలో గిన్నె విసిరికొట్టాడు. నీళ్ళన్నీ నా మీదే. దర్జీ కదండీ, జీవితమంతా కత్తెర పట్టిన మనిషి. మాట కూడా కత్తిరించినట్టే అనేవాడు. ఆ రోజు ఉండబట్టలేక నేనూ అన్నాను. ఆ మాట ఇన్‌స్పెక్టరుగారికి నలుగురు చెప్పారు. ఆ తరవాత గంటసేపు కాళ్ళు పట్టానని ఒక్కళ్ళూ చెప్పలేదు."

"వాళ్ళు కాళ్ళు పట్టడం చూడ్డానికి రాలేదులే. ఇప్పుడు సంచి సంగతి. నీ సంచిలో మందు పొట్లం దొరికింది. ఖాళీది. మీ మామగారి రక్తంలో ఏ ఈస్టు పెరిగిందో, ఆ పొట్లంలో అదే ఈస్టు. ఎక్కడిది?"

"పక్క మంచం పెద్దావిడది. ఏడో మంచం. ఆవిడ బల్ల మీద చెత్త పేరుకుంటే అన్నీ తీసేదాన్ని. చెత్తబుట్ట ఆ చివరెక్కడో ఉంది. రెండు చేతుల్లోనూ సామాను. సంచిలో వేసుకుని మరిచిపోయాను."

"ఈ మాట ఇన్‌స్పెక్టరుకి చెప్పావా?"

"చెప్పాను. అప్పటిదాకా గబగబా రాసుకుంటున్నాడా, ఏడో మంచం అనగానే కలానికి మూత పెట్టేశాడు."

నత్త తన చిన్న పుస్తకం తీసి ఆ మాట రాసుకున్నాడు. ఒక్కొక్క అక్షరం గుడ్డు పెడుతున్నట్టు రాసుకున్నాడు.

"ఆ పెద్దావిడకి ఎవరున్నారు?"

"కొడుకు. పెద్ద ఆఫీసరట. రోజూ నాలుగింటికి వస్తాడు. నేనెప్పుడూ చూడలేదు. నాలుగయ్యేసరికి సిస్టరు నన్ను బయటికి పంపేసేది, అప్పుడే వెళ్ళి స్నానం చేసొచ్చేదాన్ని." ఆమె మొదటిసారి ఆయన కళ్ళలోకి చూసింది. "బాబాయ్‌గారూ, నిజం చెప్పండి. బయటపడతానా?"

నత్తకి అబద్ధం ఆడడం వచ్చు. ఆ వేళకి నోట్లోంచి రాలేదు. "తెలియదు, తల్లీ" అని లేచాడు.

వరండాలో డ్యూటీ డాక్టరమ్మ దొరికింది. ఆవిడ నడుస్తూ నిద్రపోగల మనిషి, నిద్రపోతూ సమాధానం చెప్పగల మనిషి.

"డాక్టరమ్మా, నా చదువు తక్కువ. ఆ పొట్లంలో విషముందా?"

"విషమా! బలం. పేగు లోపలి గోడ ఎంత మందం ఉంటుందనుకుంటున్నారు?"

"నా తోలంత?"

"మీ తోలు మందం సంగతి ఇన్‌స్పెక్టరుగారు చెప్పారు లెండి. అంత ఉండదు. కణాలు భుజాలు రాసుకుని నిలబడ్డ ఒకే ఒక్క వరస. మధ్యలో కుట్లు. పైన జిగురు పూత. పూతకి ఇవతల కోట్లకొద్దీ సూక్ష్మజీవులు. మనం తినే పీచు వాటికి మేత. మేత తిని అవి తయారుచేసే ఆమ్లాలే మళ్ళీ గోడకి తిండి. మేత అందినంతకాలం గోడ బిగువుగా ఉంటుంది. అందకపోతే అవే ఆకలికి ఆ పూతని గీక్కుతింటాయి. పూత పోయి కుట్టు వదిలిందా, పేగులోనే ఉండాల్సినవి రక్తంలోకి జారతాయి."

"మరి పొట్లం?"

"బతికున్న ఈస్టు, పిండిని పొంగించే బూజు జాతిది. మేలుచేసే రకం. గట్టి యాంటీబయాటిక్ వాడితే చెడ్డవాటితోపాటు మంచివీ చస్తాయి. ఆ ఖాళీలో చెడ్డవి తిష్ట వెయ్యకుండా కొన్నాళ్ళు కాపలాకి దీన్ని దించుతాం. పేగులో ఉన్నంతసేపూ మంచి కాపలాదారు."

"గోడ దాటితే?"

"అక్కడ దానికి కాపలా లేదు, యజమాని లేడు. పెరగడం ఒక్కటే పని."

నత్త గెడ్డం గోక్కున్నాడు. "అయితే దర్జీ పేగు గోడే వదిలి, దాంట్లోంచి జారిందేమో. మనిషి చెయ్యి లేకుండానే."

"నేనూ అదే అనుకున్నాను. కానీ జారాలంటే ముందు పేగులో ఉండాలిగా? ఆయనకి పేగు కోసి కుట్టాం. ఆ రోజునుంచి నోట్లోకి నీటి చుక్క కూడా పోలేదు. తిండంతా మెడ దగ్గర పెద్ద రక్తనాళంలో పెట్టిన గొట్టంలోంచే. మలం పరీక్ష చేయించాను, ఆ ఈస్టు లేదు. రక్తంలో ఉంది. గొట్టం కొసన ఉంది."

"అంటే లోపలి దారి కాదు. మెడ దారి."

"మెడ దారే. అందుకే కోడలే పోసిందంటున్నారు ఇన్‌స్పెక్టరుగారు."

"పొయ్యాలా? పైన పడితే చాలదా?"

డాక్టరమ్మ నడక ఆగింది. నిద్ర కూడా ఆగింది. "గోరంచున పట్టేంత చాలు. పొట్లం చింపితే కంటికి కనిపించని పొగలా లేస్తుంది. చేతికంటితే గబుక్కున పోదు. అందుకే వార్డులో విప్పకూడదు, వెనక గదిలో గ్లవ్స్ వేసుకుని నీళ్ళలో కలిపి తేవాలి. మెడలో గొట్టం ఉన్నవాళ్ళకైతే అసలు ఇవ్వకూడదు."

"ఏడో మంచానికి ఇస్తున్నారు కదా?"

"ఏడో మంచానికా? ఆవిడ మెడకి గొట్టం పెట్టిన రోజే ఆపేశాను. పన్నెండు రోజులైంది."

మూడూ ఇరవై అయిదుకి నత్త వార్డులో అడుగుపెట్టాడు. ఆరో మంచం ఖాళీ. పరుపు మడిచి ఉంది. దర్జీ ప్రాణం పోయింది మొన్న పొద్దున, రక్తపరీక్ష ఫలితం వచ్చింది ఇవాళ పొద్దున, కోడలిని ఇక్కడికి పిలిపించి పట్టుకుంది ఇవాళ మధ్యాహ్నం. ఈ ఒక్క పనీ ప్రభుత్వంలో ఇంత వేగంగా ఎలా జరిగిందా అని ఆయనకి ముందే అనుమానం.

ఆరుకీ ఏడుకీ మధ్య మూర పెట్టి కొలిచాడు. రెండు మూరలు. మధ్యలో తెర ఉంది గానీ తలవైపు మూరెడు జాగా తెర లేకుండా వదిలేశారు. ఏసీ గాలి ఏడో మంచం నెత్తిమీదనుంచి సరాసరి ఆరో మంచం తలగడ మీదకి వీస్తోంది. జేబురుమాలు చించి ఒక పోగు పట్టుకు చూశాడు. పోగు ఆరో మంచంవైపే తల వంచింది.

"ఏమయ్యా, దుప్పట్లు అమ్మేవాడివా? తెగ కొలుస్తున్నావు."

ఏడో మంచం మీద పెద్దావిడ. పిడికెడు మనిషి, గొంతు మాత్రం గంప నిండా ఉంది.

"లేదక్కయ్యా, ఖాళీ మంచం చూసి ఆశపడుతున్నాను. ఇంట్లో ఇంత మెత్తటిది లేదు."

"ఎక్కేటప్పుడు అందరూ అలాగే అంటారు. ఆ దర్జీ కోడలేది? రెండు రోజులయింది కనిపించి. ఆ పిల్ల చేత్తో పెదాలు తడిపితే గాని నాకు దాహం తీరదు."

"పనుండి వెళ్ళింది. అక్కయ్యా, మీ బల్ల సొరుగు చూడొచ్చా?"

"చూడు. బంగారం దొరికితే సగం నాకియ్యి."

సొరుగులో మందుల పెట్టె. ముప్ఫై పొట్లాల పెట్టెలో పద్దెనిమిది మిగిలాయి. పన్నెండు రోజుల కింద ఆపిన మందు, పన్నెండు పొట్లాలు ఖర్చయ్యాయి. పెట్టె మీది బ్యాచి నంబరు, కోడలి సంచిలో దొరికిందని జప్తు కాగితంలో రాసిన పొట్లం నంబరు ఒకటే. నత్త మూడుసార్లు సరిచూసుకున్నాడు. ఆరో మంచం తలవైపు మందు ఎక్కించే యంత్రం ఇంకా స్టాండుకే ఉంది. స్టూలెక్కి దాని నెత్తి చూశాడు. తుడిచేవాళ్ళ చెయ్యి అందని ఎత్తు. పాత చీటీ ఊడిన జిగురు మీద సన్నటి తెల్లపొడి అతుక్కుని ఉంది.

దిగి, యంత్రం పక్కనే వేలాడుతున్న పట్టిక తిరగేశాడు. దర్జీ గొట్టానికి తిండి సంచి మార్చిన వేళలు: నాలుగూ పది, నాలుగూ పది, నాలుగూ పన్నెండు, నాలుగూ పది. పదకొండు రోజులూ అదే వేళ, అదే సంతకం.

సంతకం పెట్టిన పెద్ద సిస్టరు అప్పుడే మందుల బండి తోసుకుంటూ వచ్చింది. ఇరవై నాలుగేళ్ళ సర్వీసు. నత్త చేతిలో పట్టిక చూసి బండి ఆపేసింది.

"సిస్టర్, ఈ పెట్టెలోవి ఎక్కడ విప్పుతున్నారు?"

"వెనక గదిలో."

"నా వయసుకి మర్యాద ఇచ్చి ఇంకోసారి చెప్పండి."

"ఇరవై నాలుగేళ్ళు వెనక గదిలోనే విప్పానండీ. ఈ పన్నెండు రోజులే ఇక్కడ. ఆయన ఒప్పుకోలేదు. 'లోపలికి పట్టుకెళ్ళి మార్చేస్తారు, మంచిది అమ్మేసుకుని సున్నప్పొడి కలుపుతారు, మీ ఆసుపత్రి దొంగల్ని ఎంతమందిని లోపలేశానో నాకు తెలుసు. నా కళ్ళముందు చింపు, నా కళ్ళముందు కలుపు' అన్నాడు. డాక్టరమ్మ ఆపేసిందని చెప్పాను. 'మంచి మందు గనక ఆపేసింది' అన్నాడు."

"నాలుగింటికి చింపేవారు. నాలుగూ పదికి పక్క మంచం గొట్టం విప్పేవారు. మధ్యలో చేతులు?"

"కడుక్కునేదాన్ని. కడుక్కుంటుంటే 'అమ్మకి తలగడ సర్దు, అమ్మకి పక్క సర్దు' అని పిలిచేవాడు. ఒకటి రెండు రోజులు సరిగ్గా కడుక్కోలేదు."

"ఎవరాయన?"

సిస్టరు తలుపువైపు చూసింది.

ముందు మీసం లోపలికొచ్చింది. దాని వెనక ఇన్‌స్పెక్టరు వచ్చాడు. అయిదేళ్ళు నత్త కింద పనిచేసి ఆరో ఏట నత్త నెత్తిన కూర్చున్న మనిషి. నత్తని పదవీకాలం తీరకముందే ఇంటికి పంపిన నివేదిక మీద ఉన్న సంతకం ఆయనదే. గడియారం మూడూ యాభై ఎనిమిది.

"గురువుగారూ! ఇంకా ఇక్కడే పాకుతున్నారా? నేను కేసు మూసి భోజనం కూడా చేశాను."

"అరిగిందా?"

"బ్రహ్మాండంగా. పొట్లం ఉంది, మాట ఉంది, రక్తంలో రుజువు ఉంది. ఇంకేం కావాలి?"

"కోడలు ఏడో మంచం అన్నప్పుడు కలానికి మూత ఎందుకు పెట్టావు?"

మీసం ఒకసారి కదిలింది. "నా తల్లిని కోర్టుకి లాగమంటారా? అమ్మ బల్ల మీదనుంచి కొట్టేసింది, మామ గొట్టంలో పోసింది. అమ్మ పేరు లేకుండానే కేసు నిలుస్తుంది."

"నిలవదు నాయనా. దొంగిలించక్కర్లేదు. రోజూ నాలుగింటికి నువ్వే దాన్ని గాల్లోకి ఎగరేయించావు. గాలి ఇటు వీస్తుంది. చెయ్యి ఇటు నడుస్తుంది. పది నిమిషాల్లో ఆరో మంచం గొట్టం తెరుచుకుంటుంది. పన్నెండు పొట్లాలు, ఒక ప్రాణం."

"నోరు జాగ్రత్త."

"యంత్రం నెత్తిన పొడి ఉంది. చూసుకో, నీ ఎత్తుకి స్టూలు కూడా అక్కర్లేదు. ఆ కోడలు ఎవర్నీ చంపలేదు. చంపింది నీ అనుమానం."

ఇన్‌స్పెక్టరు నవ్వబోయాడు, కుదరలేదు. యంత్రం పైన చూశాడు. మళ్ళీ నత్తవైపు తిరిగాడు. ఈసారి గొంతు తగ్గింది, విషం పెరిగింది.

"నేను డ్యూటీలో చేరిన మొదటి రోజు మీరేం చెప్పారు? 'నీ ఎదురుగా జరగనిదేదీ నమ్మకు, మందుల దుకాణంలో తూకం కూడా నమ్మకు' అన్నారా లేదా? రాసుకున్నాను గురువుగారూ. బతుకంతా అలాగే బతికాను. ఇప్పుడు వచ్చి తప్పంటారా?"

నత్తకి ఆ రోజు గుర్తుంది. చెప్పింది నిజమే. మెచ్చుకోలుగా భుజం తట్టింది కూడా తనే. తను సంపాదించిన శిష్యుడు ఒక్కడే, వాడు నేర్చుకున్న పాఠం ఒక్కటే, దానికి ఒక దర్జీ పోయాడు.

"ఒరేయ్ చిన్నోడా," ఏడో మంచంలోంచి గొంతు వచ్చింది. ఇందాకటి గంపలో సగం కూడా లేదు. "తగువు తరవాత పడుదువు గాని, ఆ దుప్పటి కప్పరా. ఎముకల్లోంచి చలి పుడుతోంది."

దుప్పటి అప్పటికే గెడ్డందాకా ఉంది. మంచం చిన్నగా టకటకమంటోంది. సిస్టరు ఒక్క అంగలో వెళ్ళి థర్మామీటరు పెట్టింది. నూట మూడు. పొద్దున తొంభై ఎనిమిది.

డాక్టరమ్మ పరుగున వచ్చింది. చలి చూసింది, మెడ గొట్టం చూసింది, సొరుగులో పెట్టె చూసింది. ముఖంలో నిద్ర అన్న మాటే లేదు.

"ఇది ఎవరిస్తున్నారు? ఎన్నాళ్ళుగా? ఎక్కడ విప్పారు?"

సిస్టరు ఇన్‌స్పెక్టరువైపు చూసింది.

"నాకు తగువులు అక్కర్లేదు. రక్తం పరీక్షకి పంపితే ఫలితం రావడానికి రెండు రోజులు. ఈవిడకి రెండు రోజులు లేవు. గొట్టం పీకి, ఈస్టుని చంపే మందు ఇప్పుడే మొదలుపెట్టాలంటే నాకు కారణం కావాలి. అది కిడ్నీల మీద దెబ్బకొట్టగల మందు, ఊరికే ఎక్కించలేను. చెప్పండి!"

ఇన్‌స్పెక్టరు తల్లివైపు చూశాడు. సిస్టరువైపు చూశాడు. నత్తవైపు మాత్రం చూడలేదు.

"నేనే," అన్నాడు. "పన్నెండు రోజులుగా. ఇక్కడే. రోజుకొకటి."

డాక్టరమ్మ రాసుకుంది, వేళతో సహా. నాలుగూ ఏడు. గొట్టం తీశారు. చేతికి సూది గుచ్చడానికి నరం దొరక్క నాలుగుసార్లు పొడిచారు. నాలుగూ ఇరవైకి మందు చుక్క చుక్కగా దిగడం మొదలైంది. నత్త ఊపిరి వదిలాడు. కాగితం మీద నిజం పడింది. ఇంకో నలభై నిమిషాలుంది. దుప్పట్ల గదిలో ఆ పిల్ల లేచి ఇంటికి వెళ్ళొచ్చు.

"ఆ పేజీ నకలు ఒకటి ఇప్పించండి డాక్టరమ్మా," అన్నాడు.

ఇన్‌స్పెక్టరు చెయ్యి ముందుగా చాచాడు. ఫైలు అందుకుని, తనకి కావలసిన పేజీ ఊడదీసి, నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

"ఇది కేసులో సాక్ష్యం. స్వాధీనం చేసుకుంటున్నాను."

"నేను మళ్ళీ రాస్తాను," అంది డాక్టరమ్మ.

"రాయండి. మీ వార్డులో మీరు ఆపిన మందు పన్నెండు రోజులు నడిచిందని కూడా రాయండి, మీకు తెలియలేదని కూడా రాయండి." సిస్టరువైపు తిరిగాడు. "మీరు చేతులు సరిగ్గా కడుక్కోకుండా గొట్టం విప్పారనేగా ఈ పెద్దమనిషి అంటున్నది. పింఛనుకి ఇంకా ఎన్నేళ్ళు? కోర్టులో ఆ మాట చెప్తారా?"

సిస్టరు తల దించుకుంది. డాక్టరమ్మ చేతిలో కలం కాగితం మీద ఆనింది గానీ కదల్లేదు.

"సిగ్గులేదురా?" అన్నాడు నత్త. గురువుగా మాట్లాడిన ఆఖరి మాట అదే.

"ఉంది. అమ్మ బతికితే నేనే వెళ్ళి సంతకం పెడతాను, యూనిఫాం విప్పి ఇచ్చేసి ఇంటికెళ్తాను. ప్రమాణం. అమ్మ పోతే మాత్రం..." తల్లి మంచంవైపు తిరిగాడు. "తల్లిని చంపుకున్నవాడని నా పిల్లల చేత అనిపించుకోలేను గురువుగారూ. నా వల్ల కాదు."

పెద్దావిడ కళ్ళు తెరవకుండానే గొణిగింది. "ఆ దర్జీ కోడల్ని పిలవరా. పెదాలు ఎండిపోతున్నాయి."

ఇన్‌స్పెక్టరు తల్లి పాదం రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. ఒక చెయ్యి వదలకుండా, రెండో చేత్తో ఫోను తీశాడు. దుప్పట్ల గది దగ్గర కానిస్టేబులు పలికింది.

"ఆ అమ్మాయిని బండెక్కించండి. అయిదింటికల్లా కోర్టులో ఉండాలి. రిమాండు కాగితంలో చనిపోయినవారి పేరు రాసే చోట, దర్జీ పేరు కింద రెండు గీతలు ఖాళీ వదిలిపెట్టండి."

"ఎందుకు సార్?"

"ఏడో మంచం పక్కన కూడా పదకొండు రోజులు ఉన్నది ఆ అమ్మాయే," అన్నాడు. పాదం మీద చెయ్యి అలాగే ఉంది.

సిస్టరు థర్మామీటరు తీసి వెలుతురులో పెట్టి చూసింది. అంకె పైకి చెప్పలేదు.